స్థానభ్రంశం, స్థానకల్పన: అధివాస్తవిక కొలాజ్ భావన – గోదావరి డెల్టా ప్రదర్శన సంప్రదాయం

ప్రస్తావన

తెలుగు సాహిత్య విమర్శలో 'కొలాజ్' అనే మాట చాలాకాలంగా వాడుకలో ఉంది. పొంతన లేని పదచిత్రాలను పక్కపక్కన నిలిపిన కవితను, వేర్వేరు కథనాలను ఒకచోట కలిపిన నవలను కొలాజ్ అని పేర్కొనడం పరిపాటి. ఈ వాడుకలో ఆ మాటకు 'అతికింపు' అనే వాచ్యార్థం ఒక్కటే మిగిలింది. ఫ్రెంచి భాషలో దాని ధాతువుకు ఉన్న అర్థమూ అదే. అయితే ఆ ధాత్వర్థంతోనే సరిపెట్టుకుంటే బొమ్మల కొలువు, ప్రభల తీర్థం, పురావస్తు ప్రదర్శనశాల అన్నీ కొలాజ్‌లే కావలసి వస్తుంది. అన్నింటికీ వర్తించే పారిభాషిక పదం దేనినీ వివరించలేదు.

అధివాస్తవికులు కొలాజ్‌ను కాగితానికి పరిమితం చేయలేదు. దానిని ప్రదర్శనశాల నిర్మాణసూత్రంగా మార్చారు. ఆ మార్పును గమనిస్తే కొలాజ్ స్వభావం అతికింపులో కాక మరొకచోట ఉందని తెలుస్తుంది. ఆ స్వభావాన్ని నిర్ధారించి, దాని వెలుగులో గోదావరి డెల్టాలోని ప్రదర్శన రూపాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు రెండు పదాలను ఎదురెదురుగా స్వీకరించడమైనది. వస్తువును దాని నెలవు నుంచి తప్పించి, దాని అర్థాన్ని కదిలించడం స్థానభ్రంశం. వస్తువుకు ఒక వరుసలో నెలవు చూపి, దాని అర్థాన్ని నిలబెట్టడం స్థానకల్పన.

కొలాజ్: పుట నుంచి గదికి

పికాసో, బ్రాక్‌లు 1912లో వార్తాపత్రికల ముక్కలను, గోడకాగితాలను చిత్రాలలో అతికించారు. వారి ప్రయోగం ప్రధానంగా రూపానికి సంబంధించినది. కాగితపు ముక్క చిత్రంలో ఒక తలంగా, ఒక రంగుగా పనిచేసింది. మాక్స్ ఎర్న్‌స్ట్ మార్గం వేరు. 1919 ప్రాంతంలో జర్మనీలోని కొలోన్ నగరంలో ఉన్నప్పుడు, బోధనోపకరణాల అమ్మకపు జాబితాలోని బొమ్మలు ఆయన దృష్టిని ఆకర్షించాయి. శరీరనిర్మాణం, వృక్షశాస్త్రం, గణితం వంటి శాస్త్రాలకు చెందిన బొమ్మలు ఆ జాబితాలో ఒకే పుటపై చేరి ఉన్నాయి. ఆ చేరిక పుట్టించిన దిగ్భ్రమే ఎర్న్‌స్ట్ కొలాజ్‌లకు మూలం. 1929లో వెలువడిన ఆయన కొలాజ్ నవలలో, పాత పుస్తకాల చెక్కుడుబొమ్మలను కత్తిరించి కలిపిన అతుకు కంటికి ఆనదు. దృశ్యం ఒక్కటిగానే కనిపిస్తుంది, కాని అందులోని వస్తువులు ఒకే లోకానికి చెందవు. కాబట్టి అధివాస్తవికులకు అతుకు ముఖ్యం కాదు. వస్తువు తన నెలవు తప్పడం ముఖ్యం.

ఆంద్రే బ్రెతాన్ అధివాస్తవిక ప్రణాళికను 1924లో ప్రకటించాడు. పద్నాలుగేళ్ల తరువాత, 1938 జనవరి 17న, పారిస్‌లోని బోజార్ గ్యాలరీలో అంతర్జాతీయ అధివాస్తవిక ప్రదర్శన ప్రారంభమైంది. నిర్వాహకులు బ్రెతాన్, పాల్ ఎలువార్. గది రూపకల్పనలో మార్సెల్ డ్యుషాంప్‌ది ప్రధాన పాత్ర. ముంగిట సాల్వదోర్ దాలీ రూపొందించిన టాక్సీ నిలిచి ఉండేది. వాన కురిసేది టాక్సీ లోపల. అక్కడి నుంచి లోనికి వెళ్లే దారిలో, బట్టల దుకాణాలలో నిలబెట్టే స్త్రీ ప్రతిమలను ఒక్కొక్క కళాకారుడు ఒక్కొక్క తీరున అలంకరించి నిలిపాడు. ప్రధాన మందిరంలో 1,200 బొగ్గు బస్తాలు పైకప్పు నుంచి వేలాడాయి. నేల మీద ఎండుటాకులు, ఒక మూల వోల్ఫ్‌గాంగ్ పాలెన్ ఏర్పరచిన నీటి మడుగు, మూలల్లో మంచాలు, గాలిలో వేగుతున్న కాఫీగింజల వాసన. ప్రారంభపు రాత్రి గది చీకటిగా ఉండడంతో సందర్శకులకు చేతిదీపాలు ఇచ్చారు. ఎవరి దీపం ఎటు తిరిగితే వారికి అంతమేరకే చిత్రం కనిపించింది.

ఇక్కడ జరిగిన పరిణామం రెండంచెలది. బొగ్గు బస్తా నేల నుంచి కప్పుకు పోయింది, మడుగు అడవి నుంచి గదిలోకి వచ్చింది. ఇది వస్తువుల స్థానభ్రంశం. దీనికన్నా కీలకమైనది చూపరి స్థానభ్రంశం. పందొమ్మిదో శతాబ్దపు ప్రదర్శనశాలలో చూపరికి నిశ్చితమైన చోటు ఉండేది. వెలుతురులో, తగినంత దూరంలో నిలబడి, చట్రంలోని చిత్రాన్ని అతడు తీరికగా చూసేవాడు. 1938 ప్రదర్శన ఆ చోటును తొలగించింది. 1942 అక్టోబరులో న్యూయార్క్‌లో జరిగిన అధివాస్తవిక ప్రదర్శనలో డ్యుషాంప్ గదంతా దారంతో అల్లి, చిత్రాలకూ చూపరులకూ నడుమ సాలెగూడు వంటి అడ్డు కల్పించాడు. ప్రారంభ సమయాన ఆయన ప్రోద్బలంతో పిల్లలు అక్కడ బంతులాడారు. అదే నెల 20న అదే నగరంలో పెగ్గీ గుగెన్‌హైమ్ ప్రారంభించిన గ్యాలరీకి ఫ్రెడరిక్ కీస్లర్ రూపకల్పన చేశాడు. అందులోని అధివాస్తవిక విభాగంలో వంపు తిరిగిన గోడల నుంచి చిత్రాలు, చట్రాలు లేకుండా, కొయ్య చేతులపై ముందుకు చొచ్చుకు వచ్చాయి.

దీన్నిబట్టి అధివాస్తవిక ప్రదర్శనకు మూడు లక్షణాలను చెప్పవచ్చు: వస్తువు నెలవు తప్పడం, వస్తువులను కలిపే ముందస్తు క్రమం లేకపోవడం, చూపరికి నిశ్చితస్థానం లేకపోవడం. మొదటిది ఏ సేకరణలోనైనా ఎంతో కొంత ఉంటుంది. తక్కిన రెండూ తోడైనప్పుడే అధివాస్తవిక కొలాజ్ ఏర్పడుతుంది.

రాజమహేంద్రవరం: స్థానకల్పన దశకం

పారిస్‌లో అధివాస్తవికత రూపుదిద్దుకుంటున్న సంవత్సరాలలోనే రాజమహేంద్రవరంలో ఆధునిక ప్రదర్శన సంస్కృతికి పునాది పడింది. 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. శాసనాలు, నాణేలు, శిల్పాల అన్వేషణ దాని కార్యక్షేత్రం. మరుసటి ఏడాది దామెర్ల రామారావు చిత్రకళకు ఒక సంఘాన్ని నెలకొల్పాడు.

దామెర్ల 1897లో రాజమహేంద్రవరంలో జన్మించాడు. ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రధానాచార్యుడు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించాడు. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యులలో ఒకడు. దామెర్ల బొంబాయిలోని జె.జె. కళాశాలలో శిక్షణ పొంది స్వస్థలానికి తిరిగి వచ్చాడు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మరణించాడు. భార్య సత్యవాణి, మిత్రుడు వరదా వెంకటరత్నం ప్రభృతుల పూనికతో ఆయన చిత్రాలు నగరంలోనే నిలిచాయి. ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో 'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకారం' వంటి చిత్రాలు నేటికీ ఆయన ప్రతిభకు సాక్ష్యాలు.

ఈ చిత్రశాలను నడిపే సూత్రం స్మృతి. అల్పాయుష్కుడైన ఒక చిత్రకారుని కృషి చెదిరిపోకుండా, అతడు పుట్టిన ఊరిలోనే దానికి శాశ్వతమైన చోటు కల్పించడం దాని ప్రయోజనం. నగరంలోని రాళ్లబండి సుబ్బారావు ప్రభుత్వ పురావస్తు ప్రదర్శనశాలది కూడా ఒకరకంగా ఇదే ధర్మం. ఆలయం నుంచి, పొలం నుంచి, నది గట్టు నుంచి చేరిన శిల్పాలు వాస్తవానికి నెలవు తప్పిన వస్తువులే. పూజలందుకున్న విగ్రహం పీఠం మీద కళాఖండంగా నిలబడడం కన్నా పెద్ద స్థానభ్రంశం లేదు. కాని ప్రదర్శనశాల ఆ భ్రంశాన్ని కనబడనీయదు. రాజవంశం, శతాబ్ది, లభించిన ఊరు అనే వివరాలతో విగ్రహానికి చరిత్రలో కొత్త స్థానాన్ని కల్పిస్తుంది. పీఠం మీది దేవతకు సందర్శకులలో ఎవరో ఒకరు చేతులు జోడించే క్షణంలో మాత్రమే పాత నెలవు, కొత్త నెలవు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడిని అధివాస్తవికుడు ప్రదర్శనకు కేంద్రం చేసేవాడు. పురావస్తుశాల దానిని పక్కకు నెడుతుంది.

ఈ తేడాను వెనుకబాటుగా భావించడం చారిత్రకంగా సరికాదు. మొదటి ప్రపంచయుద్ధానంతర పారిస్‌లో యువకవులకు, చిత్రకారులకు ఎదురైనది అతిగా స్థిరపడిన సంస్కృతి. జాతీయ ప్రదర్శనశాలలు, అకాడమీలు, పాఠ్యగ్రంథాలు ప్రతి వస్తువుకూ చోటు నిర్ణయించి ఉంచాయి. ఆ యుద్ధానికి ఆ సంస్కృతే బాధ్యత వహించాలని వారు భావించారు. కనుక వారికి స్థానభ్రంశం విముక్తి మార్గమైంది. ఆంధ్రదేశపు స్థితి ఇందుకు విలోమం. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. ప్రత్యేక రాష్ట్రం 1953లో గాని రాలేదు. ఈ నలభై ఏళ్లలో మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న తెలుగువారికి తమ చరిత్ర, తమ కళ, తమ భాష తమవిగా కనబడే చోటు కావలసి వచ్చింది. స్థానమే లేనివారికి స్థానభ్రంశం ఆదర్శం కాలేదు. రాజమహేంద్రవరపు ప్రదర్శనశాలలు స్థానకల్పనను ఎంచుకోవడానికి మూలకారణం ఇదే.

బొమ్మల కొలువు: మెట్లు, నేల

ఆధునిక సంస్థలకు పూర్వమే డెల్టాలో ఇంటింటా వెలసిన ప్రదర్శన బొమ్మల కొలువు. సంక్రాంతికి, కొన్ని ఇళ్లలో దసరాకు, బేసిసంఖ్యలో మెట్లు కట్టి వస్త్రం పరచి బొమ్మలను అమర్చుతారు. దశావతారాలు, సీతారాములు, కొండపల్లి అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కబొమ్మలు, సరకులు ముందేసుకున్న కోమటి దంపతులు, రైలుబండి, పింగాణీ కుక్కపిల్ల ఒకే కొలువులో ఉంటాయి. ఏటా ఒక కొత్త బొమ్మనైనా చేర్చాలన్నది ఆచారం. కాబట్టి కొలువు ఎప్పటికీ పూర్తికాని కూర్పు. అమ్మమ్మ కాలపు మట్టిబొమ్మ పక్కన నిన్న సంతలో కొన్న ప్లాస్టిక్ బొమ్మ నిలుస్తుంది.

వస్తువుల వైవిధ్యాన్ని మాత్రమే చూసి దీనిని దేశీయ కొలాజ్ అనడానికి అవకాశం ఉంది. 'కొలువు' అనే మాటే ఆ నిర్ణయానికి అడ్డు వస్తుంది. కొలువంటే ఆస్థానం, సేవ, ఉద్యోగం. కొలువుదీరడమంటే ఎవరి స్థానంలో వారు ఆసీనులు కావడం. పై మెట్లమీద దేవతలు, దిగువన మనుషులు, జంతువులు, సరకులు అనే వరుస లోకపు అంతస్తులకు నమూనా. రైలుబండి వచ్చినా, విమానం వచ్చినా వాటికి తగిన మెట్టు సిద్ధంగా ఉంటుంది. వింతను క్రమం తనలో కలుపుకొంటుంది. చూపరి స్థానం కూడా నిశ్చితమే. పేరంటానికి వచ్చిన ముత్తైదువ హారతి వేళకు ఎదురుగా ఉంటుంది, పాట పాడుతుంది, శనగలు, తాంబూలం అందుకుంటుంది. భోగినాడు పిల్లలకు భోగిపళ్లు పోసే స్థలం కూడా చాలా ఇళ్లలో కొలువు ముందరే. మూడు లక్షణాలలో రెండు ఇక్కడ లోపించాయి. కొలువు మెట్లు స్థానకల్పనకు పరిపూర్ణ ఉదాహరణ.

అయితే కొలువు మెట్లతో ముగిసిపోదు. మెట్ల ముందు నేలమీద పిల్లలకు విడిచిన భాగం ఒకటుంటుంది. అక్కడ అద్దం చెరువవుతుంది, మొలకెత్తిన ఆవాలు వరిచేను అవుతాయి, ఇసుక గుట్ట కొండ అవుతుంది. అగ్గిపెట్టె ఇల్లయితే దాని గుమ్మంలో ఇంటికన్నా పెద్ద కోడిపుంజు నిలబడుతుంది. కొలతలకు పొంతన ఉండదు. వస్తువు తన పనిని వదిలి మరొక వస్తువుగా మారుతుంది. అద్దం చెరువు కావడం ఎర్న్‌స్ట్ పుటలలో జరిగే పరివర్తనకు సజాతీయం. డ్యుషాంప్ 1942లో పిల్లల ఆటను ప్రదర్శనలోకి తేవడం ఇక్కడ గుర్తుకు వస్తుంది. న్యూయార్క్ గదిలో పిల్లలు చూపరుల ఏకాగ్రతను భంగపరచడానికి వచ్చినవారు. డెల్టా ఇంటిలో పిల్లలే ఆ నేల భాగానికి కూర్పరులు. సంప్రదాయం స్థానభ్రంశాన్ని ఎరుగనిది కాదు. దానిని మెట్ల దిగువకు, బాల్యానికి, పండుగ రోజులకు పరిమితం చేసింది. కొలువుకూ కొలాజ్‌కూ నిజమైన పోలిక వెతకవలసింది మెట్లమీద కాదు, ఈ నేలమీద.

ప్రభల తీర్థం: నెలవు, తరలింపు

గోదావరి మాండలికంలో తీర్థమంటే జాతర. కనుమనాడు కోనసీమలో మొసలపల్లి సమీపాన ఉన్న జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు చేరతాయి. అక్కడ గుడి లేదు. కొబ్బరితోటయే క్షేత్రం. వెదురుతో ఎత్తైన చట్రం కట్టి, రంగురంగుల వస్త్రాలు, వరికంకులు, గంటలతో అలంకరించి, దేవుని ప్రతిమను నిలిపి, ఊరివారు ప్రభను భుజాలకెత్తుకుంటారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు పచ్చని చేలను దాటి, కౌశిక కాలువ నీటిలో దిగి, 'అశ్శరభ శరభ' అనే కేకల మధ్య అవతలి గట్టెక్కే దృశ్యం ఈ తీర్థానికి పతాకస్థాయి.

కాలువ నీటిలో అంత ఎత్తున కదిలే వస్త్రగోపురాన్ని ఛాయాచిత్రంలో మాత్రమే చూసినవారికి అది అధివాస్తవిక దృశ్యంగా తోచవచ్చు. స్థానికులకు అందులో అసంగతమేదీ లేదు. ప్రతి ప్రభకూ ఒక ఊరు, ఒక దారి, తోటలో ఒక చోటు ఉన్నాయి. వ్యాఘ్రేశ్వరం నుంచి వ్యాఘ్రేశ్వరుని ప్రభ వచ్చినప్పుడు తక్కిన ప్రభలను ఒకసారి పైకెత్తి గౌరవించే ఆచారం ఆ వరుసను అందరి ఎదుట ధ్రువపరుస్తుంది. దేవుడు ఒకరోజు గుడి విడిచి తోటకు రావడం భ్రంశం కాదు, ఏటా జరిగే విడిది. ఇక్కడ చూపరి అని వేరే ఎవరూ లేరు. మోసేవారు, దారి ఇచ్చేవారు, ఎదురువచ్చి మొక్కేవారు అందరూ ప్రదర్శనలో భాగమే.

2023 గణతంత్ర దినోత్సవాన ఆంధ్రప్రదేశ్ శకటానికి ప్రభల తీర్థం ఇతివృత్తమైంది. ఢిల్లీలో కర్తవ్యపథంపై ప్రభ సాగింది. కోనసీమకు అది గౌరవం కలిగించిన సందర్భం. ప్రదర్శన చరిత్ర దృష్టితో మాత్రం దానిని మరొక విధంగా కూడా చదవాలి. భుజాల మీద సాగే ప్రభ చక్రాల మీదికి వచ్చింది. కాలువ, చేను, తోట శకటంపై నమూనాలయ్యాయి. మొక్కేవారి స్థానంలో వీక్షకులు కూర్చున్నారు. వస్తువు, దారి, చూపరి మూడూ మారాయి. అయినా అది కొలాజ్ కాలేదు, ఎందుకంటే రాష్ట్రాల వరుస అనే మరొక క్రమం ప్రభను వెంటనే తనలోకి తీసుకుంది. పురావస్తుశాలలోని విగ్రహానికి జరిగినదే ఇక్కడ ప్రభకూ జరిగింది. ఒక నెలవు పోయి మరొక నెలవు దక్కినప్పుడు, పోయినదేమిటో కనబడదు. తరలింపులో కలిగే నష్టాన్ని దాచకుండా చూపగల ప్రదర్శన రీతి ఏదని అడిగితే, దానికి అధివాస్తవికుల అనుభవం నుంచి నేర్వవలసినది ఉంది.

ప్రదర్శనశాలగా కవిత

డెల్టా ప్రదర్శనలలో మెట్ల కిందికి ఒదిగిన స్థానభ్రంశానికి తెలుగులో విశాలమైన చోటు కవిత్వంలో దొరికింది. అధివాస్తవికతను తెలుగు పాఠకులకు పరిచయం చేసినవారిలో శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు ముఖ్యులు. వారి తరానికి అది ప్రధానంగా చదువు ద్వారా, ఫ్రెంచి, ఇంగ్లీషు కవిత్వం ద్వారా వచ్చింది. పారిస్‌లో పుటనుంచి గదికి నడిచిన భావన తెలుగులో పుటమీదనే నిలిచింది. గదిని నిర్మించవలసిన బాధ్యత కూడా కవితమీదనే పడింది.

ఆ బాధ్యతను సుదీర్ఘకాలం మోసిన కవి అజంతా. పెనుమర్తి విశ్వనాథశాస్త్రి 1929లో కోనసీమలోని కేశనకుర్రులో జన్మించాడు, పత్రికారంగంలో పనిచేశాడు. కవిగా ఆయన కీర్తి అంతా 1993లో వెలువడిన 'స్వప్నలిపి' అనే ఒక్క సంపుటిమీద ఆధారపడి ఉంది. దానికి 1997లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన కలంపేరులోనే రెండు లోకాలు కలుసుకున్నాయి. అది చీకటి గుహలలోని చిత్రాలను గుర్తుచేస్తుంది, అచ్చుతో ముగిసే పదాల భాషగా తెలుగుకున్న పేరునూ గుర్తుచేస్తుంది. దీపం పట్టుకుని చూడవలసిన చిత్రశాల, భాషాస్వరూపం ఒకే పదంలో ఇమిడాయి.

'స్వప్నలిపి'లో భావచిత్రాలను కలిపే వివరణ వాక్యాలు తక్కువ. కవితలోని వ్యక్తి ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో, పాఠకుడు ఎక్కడ నిలబడి వినాలో స్థిరపడదు. 'చెట్లు కూలుతున్న దృశ్యం' అనే కవిత శీర్షికనే పరిశీలిస్తే, అది ఒక దృశ్యాన్ని ప్రదర్శనకు పెడుతుంది గాని చూపరిని నిర్దేశించదు. 1938 గదిలో చేతిదీపంతో నడిచిన సందర్శకుని వలె పాఠకుడు తన చూపు పడినంత మేరకే కవితను కూర్చుకోవలసి వస్తుంది. అజంతా కవిత్వం క్లిష్టమనే అభిప్రాయానికి కారణాన్ని ఈ కోణం నుంచి మళ్లీ ఆలోచించవచ్చు. ఆ కష్టం పదాలలో కన్నా, పాఠకుడు అలవాటుపడిన స్థానం కవితలో లేకపోవడంలో ఉంది. బొమ్మల కొలువు ఎదుట కూర్చున్నట్లు ఈ కవిత ఎదుట కూర్చోవడం సాధ్యం కాదు.

ముగింపు

కొలాజ్‌ను అతికింపుగా నిర్వచిస్తే కొలువు, ప్రభ, పురావస్తుశాల, 'స్వప్నలిపి' అన్నీ ఒకే రాశిలో కలిసిపోతాయి. స్థానభ్రంశంగా నిర్వచిస్తే వాటి భేదాలు స్పష్టమవుతాయి. కొలువు మెట్లు వింతకు చోటు చూపుతాయి. ప్రభ తన చోటును ఏటా ధ్రువపరచుకుంటుంది. రాజమహేంద్రవరపు ప్రదర్శనశాలలు చోటులేని జాతికి చోటును కూర్చాయి. కొలువు నేలమీద పిల్లల చెరువు, కోనసీమ కవి ఏకైక సంపుటి మాత్రం నెలవు తప్పిన వస్తువును అలాగే ఉండనిచ్చాయి. 'ఇది మనకు ముందే ఉంది' అనే మాట ఈ భేదాలను చెరిపివేస్తుంది. 'ఇది మనకు పరాయిది' అనే మాట ఆ అద్దపు చెరువును చూడదు. తెలుగు విమర్శ కొలాజ్ అనే పదాన్ని వాడేటప్పుడు, కూర్పులో ఎన్ని వస్తువులు చేరాయన్న ప్రశ్నతో ఆగకుండా, చూపరి స్థానం కదిలిందా లేదా అని కూడా అడగవలసి ఉంటుంది.